రివర్స్ గేరు ఎందుకు కూస్తుంది? నేరుగా కోసిన పళ్ళ వెనుక విజ్ఞానం

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నుంచి కారును వెనక్కి తీస్తున్నప్పుడు సన్నగా ఒక కూత వినిపిస్తుంది. కారు కాస్త వేగం అందుకుంటే కూత స్థాయి కూడా పైకి లేస్తుంది. అదే కారు మొదటి గేరులో ముందుకు కదిలితే ఆ శబ్దం దాదాపు ఉండదు. కొత్తగా కారు కొన్నవారిలో కొందరు దీన్ని లోపమనుకుని సర్వీసింగ్‌కు తీసుకెళ్తారు. ‘‘అది మామూలే సార్’’ అన్న జవాబుతో తిరిగొస్తారు. జవాబు సరైనదే. అయితే అది ఎందుకు మామూలో చెప్పేవారు తక్కువ. కారణం తెలిస్తే మామూలు కూతకు కంగారు పడనక్కర్లేదు. అంతకంటే ముఖ్యంగా, మామూలు కాని కూత ఏదో పోల్చుకోవచ్చు. అది పోల్చుకోలేక నడిపినంత కాలం నడిపి, చివరికి గేర్‌బాక్స్ మొత్తం విప్పించుకోవాల్సి వచ్చే వాహనదారులు తక్కువేమీ కాదు.

కారణం ఒక్క వాక్యంలో చెప్పాలంటే, చాలా మాన్యువల్ కార్లలో ముందుకు నడిపే గేర్ల పళ్ళు ఏటవాలుగా ఉంటాయి, వెనక్కి నడిపే గేరు పళ్ళు మాత్రం నేరుగా ఉంటాయి. మొదటి రకాన్ని హెలికల్ గేర్లు అంటారు, రెండో రకాన్ని స్పర్ గేర్లు అంటారు. ఇంత చిన్న తేడా ఇంత శబ్దం ఎలా పుట్టిస్తుంది? శబ్దం వస్తుందని తెలిసి కూడా ఇంజనీర్లు నేరు పళ్ళను ఎందుకు వదలలేదు?

చెరకు రసం బండి దగ్గర

నేరు పళ్ళ గేరును చూడటానికి కారు విప్పనక్కర్లేదు. రోడ్డు పక్కన చెరకు రసం బండి దగ్గర నిలబడితే చాలు. చెరకును నలిపే రోలర్ల చివర రెండు మూడు ఇనుప చక్రాలు ఒకదాని పళ్ళలో మరొకటి ఇరుక్కుని తిరుగుతుంటాయి. వాటి పళ్ళు ఇరుసుకు సమాంతరంగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. అవే స్పర్ గేర్లు. పక్కపక్కన ఉన్న రెండు చక్రాలు ఎదురెదురు దిశల్లో తిరగడం కూడా అక్కడే కళ్ళారా చూడవచ్చు.

రెండు చక్రాల్లో పళ్ళ సంఖ్య సమానమైతే వేగం మారదు. 12 పళ్ళ చక్రం 36 పళ్ళ చక్రాన్ని తిప్పితే పెద్దది మూడో వంతు వేగంతో తిరుగుతుంది, కానీ మెలితిప్పే బలం, అంటే టార్క్, మూడింతలవుతుంది. ఎత్తైన ఫ్లైఓవర్ ఎక్కడానికి మొదటి గేరు, హైవే మీద అయిదో గేరు అవసరమయ్యేది ఇందుకే. నిజానికి 12కు 36 కంటే 37 పళ్ళు పెట్టడానికే డిజైనర్లు మొగ్గు చూపుతారు. 12, 36 అయితే చిన్న చక్రంలోని ఒక పన్ను ఎప్పుడూ అవే మూడు పళ్ళను తాకుతుంది. ఏదైనా పన్ను మీద గీత పడితే ఆ గీత అదే చోట తవ్వుకుంటూ పోతుంది. 12, 37లకు ఉమ్మడి భాజకం లేదు కాబట్టి ప్రతి పన్నూ అవతలి చక్రంలోని ప్రతి పన్నునూ వంతులవారీగా కలుసుకుంటుంది. అరుగుదల అందరికీ సమంగా పంచినట్టవుతుంది.

పళ్ళు ఉన్నంత మాత్రాన చలనం నున్నగా సాగదు. పాతకాలపు చెక్క చక్రాల్లో పళ్ళు కేవలం మేకులు. ఒక మేకు తోసి వదిలేశాక మరొకటి అందుకునే లోపు వేగం తగ్గి పెరుగుతుండేది. గంట గంటకూ కొద్దిగా తిరిగే యంత్రానికి అది పరవాలేదు. నిమిషానికి 3000 సార్లు తిరిగే షాఫ్ట్‌కు కుదరదు. చోదక చక్రం స్థిరమైన వేగంతో తిరిగితే అవతలి చక్రం కూడా క్షణక్షణం స్థిరమైన వేగంతోనే తిరగాలి. ఆ లక్షణం పన్ను ఆకారంలో ఉండాలి.

18వ శతాబ్దంలో గణిత శాస్త్రవేత్త లియొనార్డ్ ఆయిలర్ సూచించిన ఆకారం ఇప్పటికీ దాదాపు అన్ని కార్ల గేర్లలో ఉంది. దాని పేరు ఇన్వల్యూట్. దాన్ని ఇంట్లోనే గీయవచ్చు. దారపు రీలు నుంచి కాస్త దారం తీసి, చివర పెన్సిల్ కట్టి, దారాన్ని బిగువుగా పట్టి రీలు చుట్టూ విప్పుతూ పోతే కాగితం మీద పడే వంపు గీతే ఇన్వల్యూట్. అలాంటి వంపు ఉన్న రెండు పళ్ళు తాకినప్పుడు బలం ఎప్పుడూ ఒకే సరళరేఖ వెంట ప్రసరిస్తుంది. రెండు రీళ్ళ మధ్య అడ్డంగా బిగించిన పట్టీ ఒక రీలు మీద చుట్టుకుంటూ మరో రీలు మీద విప్పుకుంటూ పోతే వేగం ఎలా మారదో, ఇక్కడా అంతే. ఇంకో మేలు కూడా ఉంది. బేరింగులు కాస్త అరిగి షాఫ్టులు వెంట్రుకవాసి ఎడమైనా వేగాల నిష్పత్తి చెక్కుచెదరదు. వేడెక్కి వ్యాకోచించే లోహపు పెట్టెలో పనిచేసే గేర్లకు ఇంతకంటే కావలసింది లేదు.

కూత ఎక్కడ పుడుతుంది?

ఆకారం అంత చక్కగా ఉంటే శబ్దం ఎందుకు? ఎందుకంటే ఇన్వల్యూట్ లెక్క పళ్ళు అస్సలు వంగవని అనుకుంటుంది. ఉక్కు కూడా వంగుతుంది.

ఒక జత పళ్ళు విడిపోయే ముందే తరువాతి జత అందుకోవాలి. సగటున ఎన్ని జతలు ఒకేసారి తాకి ఉంటాయో చెప్పే సంఖ్యను కాంటాక్ట్ రేషియో అంటారు. మామూలు స్పర్ గేర్లలో ఇది 1.2 నుంచి 1.8 దాకా ఉంటుంది. 1.5 అనుకుందాం. అంటే సగం సేపు రెండు జతలు భారం మోస్తాయి, మిగతా సగం సేపు ఒక్క జతే మోస్తుంది. కావడి మోసే ఇద్దరిలో ఒకరు తప్పుకుంటూ మళ్ళీ భుజం కలుపుతూ ఉన్నట్టు ఉంటుంది పరిస్థితి. రెండో జత తప్పుకోగానే మిగిలిన పన్ను మీద భారం ఒక్కసారిగా పెరుగుతుంది. పన్ను కొన్ని మైక్రాన్లు వంగుతుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు కాబట్టి ఇది కంటికి ఆనని వంపు. కానీ ఆ వంపు వల్ల వెనుక వచ్చే పన్ను రావలసిన క్షణం కంటే లేశం ముందే అవతలి పన్నును తాకుతుంది. నేరు పన్ను కావడంతో ఆ తాకిడి పన్ను వెడల్పు మొత్తం మీద ఒకేసారి పడుతుంది. అరచేతిని బల్లమీద చరిచినట్టన్నమాట.

ఈ చరుపు ప్రతి పన్నుకూ ఒకసారి జరుగుతుంది. షాఫ్ట్ నిమిషానికి 2000 సార్లు తిరుగుతోందనీ, దాని మీది గేరుకు 12 పళ్ళున్నాయనీ అనుకుంటే సెకనుకు 400 తాకిళ్ళు. 400 హెర్ట్జ్ అంటే చెవికి స్పష్టంగా వినిపించే ఒక స్వరం. యాక్సిలరేటర్ తొక్కితే తాకిళ్ళు పెరుగుతాయి, స్వరం పైకి లేస్తుంది. రివర్స్‌లో వినిపించే కూత ఇదే. షాఫ్టులు, బేరింగుల గుండా ఈ కంపనం గేర్‌బాక్స్ పెట్టెకు చేరుతుంది. ఆ పెట్టె వీణ బుర్రలా దాన్ని పెద్దది చేసి బయటికి పంపుతుంది.

దీన్ని తగ్గించడానికి పన్ను చివరను కొన్ని మైక్రాన్ల మేర అదనంగా చెక్కుతారు. వంగిన పన్ను వెనుక ముందే వచ్చే పన్నుకు అది కాస్త చోటిస్తుంది. కానీ ఒక భారానికి సరిపోయే చెక్కుడు ఇంకో భారానికి సరిపోదు. కారులో భారం క్షణక్షణం మారుతుంది.

ఏటవాలు మందు, దాని ఖరీదు

మెరుగైన ఉపాయానికి బీజం 17వ శతాబ్దంలోనే రాబర్ట్ హుక్ ఆలోచనలో ఉంది. ఒక నేరు పళ్ళ గేరును బ్రెడ్ ముక్కల్లా పలుచని పొరలుగా కోసి, ఒక్కో పొరను ముందు పొర కంటే కొద్దిగా తిప్పి పేర్చినట్టు ఊహించుకోండి. అప్పుడు ఒక పన్ను మొత్తం ఒకేసారి తాకదు. పొర తరువాత పొర తాకుతుంది. పొరలు అనంతంగా పలుచనైతే మెట్లు మాయమై నున్నని ఏటవాలు పన్ను మిగులుతుంది. అదే హెలికల్ గేరు. ఇందులో స్పర్శ పన్ను ఒక అంచున చుక్కలా మొదలై, గీతగా పెరిగి, మళ్ళీ అవతలి అంచున చుక్కలా ముగుస్తుంది. ఏ క్షణంలో చూసినా రెండు, ఒక్కోసారి మూడు జతలు భారం పంచుకుంటాయి. కాబట్టి చరుపు లేదు, కూత చాలా తక్కువ.

కానీ హుక్ కాలంలో ఇలాంటి పళ్ళను కచ్చితంగా కోసే యంత్రాలు లేవు. 1897లో జర్మనీకి చెందిన హెర్మన్ ఫాటర్ నేరు పళ్ళనూ ఏటవాలు పళ్ళనూ ఒకే యంత్రం మీద కోయగల హాబింగ్ మెషిన్‌కు పేటెంట్ పొందాక హెలికల్ గేర్లు క్రమంగా పెద్దఎత్తున తయారీకి అందుబాటులోకి వచ్చాయి.

దీనికి చెల్లించాల్సిన ఖరీదు ఒకటుంది. ఏటవాలు పన్ను అవతలి పన్నును చుట్టూ తిప్పడమే కాదు, పక్కకు కూడా నెడుతుంది. ఒక చిన్న కారు ఇంజిన్ 110 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందనీ, మొదటి గేరు చిన్న చక్రం వ్యాసార్ధం 20 మిల్లీమీటర్లనీ అనుకుందాం. పళ్ళ మీద పడే బలం 5500 న్యూటన్లు, అంటే సుమారు 560 కిలోల బరువు. పన్ను వాలు 30 డిగ్రీలైతే అందులో దాదాపు 58 శాతానికి సమానమైన బలం షాఫ్ట్ పొడవునా పక్కకు తోస్తుంది. అంటే మూడు క్వింటాళ్ళకు పైగా! యాక్సిలరేటర్ వదిలి ఇంజిన్ బ్రేకింగ్ చేస్తే ఈ తోపు దిశ తిరగబడుతుంది. దాన్ని కాచుకోవడానికి తగిన బేరింగులు, గట్టి పెట్టె కావాలి. రెండు ఎదురు వాలులను జోడించి బాణపు మొన ఆకారంలో పళ్ళు కోస్తే రెండు తోపులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆంద్రె సిట్రోయెన్ కార్లు మొదలుపెట్టక ముందు ఇలాంటి గేర్లే తయారుచేసేవాడు. ఆయన కంపెనీ కార్ల మీద ఇప్పటికీ కనిపించే జంట బాణపు గుర్తు ఆ పళ్ళదే.

రివర్స్‌కు మినహాయింపు ఎందుకు?

1890ల తొలి కార్లలో ఫ్రెంచ్ ఇంజనీర్ ఎమిల్ లెవసర్ వాడిన పద్ధతి చాలా సూటిది. గేరు మార్చాలంటే ఒక చక్రాన్ని షాఫ్ట్ వెంట జరిపి ఇంకో చక్రం పళ్ళలోకి దూర్చడమే. అది మొరటు పద్ధతేననీ, అయినా పనిచేస్తుందనీ ఆయనే అన్నట్టు చెబుతారు. ఇలా దూర్చడానికి నేరు పళ్ళే అనుకూలం. ఏటవాలు పళ్ళు దూరాలంటే చక్రం జరుగుతూనే తిరగాలి కూడా. పైగా భారం పడగానే పక్క తోపు దాన్ని మళ్ళీ బయటికి నెట్టేస్తుంది.

తరువాత ముందు గేర్లన్నీ ఎప్పుడూ ఒకదానిలో ఒకటి కలిసే ఉండి, కావలసిన జతను మాత్రమే షాఫ్ట్‌కు బిగించే ఏర్పాటు వచ్చింది. 1928లో కాడిలాక్ కార్లలో ప్రవేశపెట్టిన సింక్రోమెష్, బిగించే ముందు రెండు భాగాల వేగాలను రాపిడితో సమం చేసింది. గేర్లు కదలనవసరం లేదు కాబట్టి పళ్ళు ఏటవాలుగా ఉండవచ్చు. పాత విల్లీస్ తరహా జీపుల్లో రెండు, మూడు గేర్లకే ఈ సౌకర్యం ఉండేది. నడుస్తున్న జీపును మొదటి గేరులోకి వేయబోతే ‘గర్ర్’మనేది అందుకే. మన పొలాల్లో ఇప్పటికీ తిరిగే అనేక ట్రాక్టర్ల వివరాల పత్రంలో ‘స్లైడింగ్ మెష్’ అని కనిపిస్తుంది. అది లెవసర్ వారసత్వమే.

రివర్స్ గేరు విషయంలో లెక్క వేరు. దాన్ని బండి ఆగాకే వేస్తారు, కొన్ని మీటర్లే నడుపుతారు. అంత తక్కువ వాడకానికి మరో సింక్రోమెష్, మరో జత హెలికల్ గేర్లు పెట్టడం ఖర్చు, బరువు, చోటు దండగ. అందుకే రెండు షాఫ్టుల మధ్య మూడో చిన్న చక్రాన్ని జరిపి దూరుస్తారు. మధ్యలో మరో చక్రం చేరడంతో తిరిగే దిశ మారుతుంది, కారు వెనక్కి కదులుతుంది. ఆ చిన్న చక్రానికీ, అది కలిసే రెండింటికీ పళ్ళు నేరుగా ఉంటాయి. దూరడం తేలిక కావడానికి పళ్ళ అంచులను కాస్త గుండ్రంగా చెక్కుతారు. కొన్ని కొత్త కార్లలో రివర్స్‌కు కూడా సింక్రోమెష్, ఏటవాలు పళ్ళు వచ్చాయి. అవి కూయవు.

క్లచ్ తొక్కిన వెంటనే లోపలి షాఫ్ట్ ఆగిపోదు. జడత్వంతో ఒకటి రెండు సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ఆ క్షణంలోనే రివర్స్ లాగితే తిరిగే పళ్ళు, ఆగిన పళ్ళు ఢీకొంటాయి. ‘గర్ర్’ మనే ఆ శబ్దంలో ప్రతిసారీ పన్ను అంచు కాస్త కొట్టుకుపోతుంది, రాలిన ఉక్కు రజను నూనెలో కలిసి బేరింగుల్లో చేరుతుంది. క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగడం, లేదా ఆగి ఉన్న కారులో ముందు ఒక ఫార్వర్డ్ గేరులోకి వేసి ఆ తరువాత రివర్స్ వేయడం మంచి పద్ధతి. ఫార్వర్డ్ గేరు సింక్రోమెష్ ఆ షాఫ్ట్‌ను ఆపేస్తుంది. ఒక్కోసారి గేరు అస్సలు పడదు. పన్నుకు పన్ను ఎదురుగా నిలిచిందని అర్థం. బలంగా తోయకుండా న్యూట్రల్‌లో క్లచ్ ఒకసారి వదిలి మళ్ళీ తొక్కితే పళ్ళు కాస్త కదిలి దారిస్తాయి.

రేసు కార్ల గురించి ఒక అపోహ

ర్యాలీ కార్లు, రేసు కార్లు ముందుకు పోయేటప్పుడు కూడా ఇలాగే కూస్తాయి. వాటి గేర్లన్నీ నేరు పళ్ళవి కావడమే కారణం. షాఫ్ట్ నిమిషానికి 8000 సార్లు తిరుగుతూ, గేరుకు 30 పళ్ళుంటే సెకనుకు 4000 తాకిళ్ళు. మనిషి చెవి అత్యంత చురుగ్గా స్పందించేది 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్యలో. చెవిలో గుచ్చుకునే ఆ శబ్దం గుట్టు అదే.

ఇక్కడ కార్ల అభిమానులు తరచూ చెప్పే మాట ఒకటుంది. నేరు పళ్ళు ఏటవాలు పళ్ళ కంటే బలమైనవి కాబట్టే రేసుల్లో వాడతారని. ఇది సరికాదు. 1892లో విల్‌ఫ్రెడ్ లూయిస్ గేరు పన్నును బాల్కనీ దూలంలా భావించి, చివర భారం పడితే మొదట్లో ఎంత ఒత్తిడి పుడుతుందో లెక్కగట్టే సూత్రం ఇచ్చాడు. ఆ దారిలోనే లెక్కిస్తే, ఒకే లోహం, ఒకే వెడల్పు, ఒకే పరిమాణమున్న రెండు రకాల్లో సాధారణంగా హెలికల్ గేరే ఎక్కువ భారం మోస్తుంది. భారాన్ని ఎక్కువ పళ్ళు పంచుకోవడమే కారణం. శక్తి నష్టంలోనూ పెద్ద తేడా లేదు. రెండూ ఒక్కో జతకు సుమారు 98 నుంచి 99 శాతం శక్తిని అందిస్తాయి. రేసు కారులో నేరు పళ్ళ అసలు లాభం పక్క తోపు లేకపోవడం. తోపు లేకపోతే బేరింగులు, పెట్టె తేలికగా చేయవచ్చు, షాఫ్టులు తక్కువ వంగుతాయి. కావలసిన నిష్పత్తికి గేర్లు తయారుచేసుకోవడం, మార్చుకోవడం సులువు. శబ్దం గురించి అక్కడ అడిగేవారు లేరు. బాగా వెడల్పైన, మేలు రకం ఉక్కుతో చేసిన నేరు గేర్లను మామూలు కారు హెలికల్ గేర్లతో పోల్చడం వల్లనే ఈ అపోహ పుట్టి ఉండాలి.

రేసు గేర్‌బాక్స్‌లో వేగంగా గేర్లు మారడానికి కూడా పళ్ళ ఆకారం నేరుగా కారణం కాదు. ఆ పని ‘డాగ్’ అనే మొండి కొక్కేలది. సింక్రోమెష్ వేగాలు సమం చేసేదాకా ఆగుతుంది. డాగ్ ఆగదు, ఎదుటి గాడిలోకి టక్కున పడుతుంది.

ఈ రేసు తరహా ఏర్పాటు నిజానికి మనకు కొత్తది కాదు. గేర్లున్న మోటార్‌సైకిళ్ళలో దాదాపు అన్నింటికీ లోపల ఉండేది నేరు పళ్ళు, డాగ్ కొక్కేలే. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ నుంచి ఫస్ట్‌లోకి వేసినప్పుడు వినిపించే ‘టక్’ ఆ కొక్కెం గాడిలో పడే చప్పుడు. బైకుకు భారం తక్కువ, గేర్లు సన్నగా ఉంటాయి, ఇంజిన్ చప్పుడు పైనే వినిపిస్తుంది కాబట్టి కూత అంతగా చెవిన పడదు.

ఇంజిన్ చప్పుడు పోతే ఏమవుతుందో విద్యుత్ వాహనాలు చూపిస్తున్నాయి. మోటారు నిమిషానికి 9000 సార్లు తిరుగుతూ, దాని గేరుకు 20 పళ్ళుంటే సెకనుకు 3000 తాకిళ్ళు, సరిగ్గా చెవికి బాగా తగిలే చోట. దాన్ని కప్పే ఇంజిన్ లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ పోటీ చూసినవారు విన్న సన్నని ఈల లాంటి శబ్దంలో మోటారు, టైర్లతో పాటు గేర్లకూ వాటా ఉంది. అందుకే విద్యుత్ కార్ల హెలికల్ గేర్ల పళ్ళను మైక్రాన్ల కచ్చితత్వంతో నున్నగా అరగదీస్తారు. వాటికి రివర్స్ గేరే లేదు. మోటారునే వెనక్కి తిప్పితే సరిపోతుంది.

ఏ కూత ప్రమాదం?

పెట్రోలు, డీజిల్ మాన్యువల్ కారులో రివర్స్‌లో మాత్రమే వచ్చే నిలకడైన కూత డిజైన్‌లో భాగం. ముందు గేర్లలో కొత్తగా కూత మొదలైతే అది వేరే సంగతి. ఒక్క మూడో గేరులోనే వచ్చి మిగతా వాటిలో లేకపోతే ఆ జత పళ్ళు అరిగి ఉండవచ్చు. న్యూట్రల్‌లో, బండి నిలబడి ఉన్నప్పుడు వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే అనుమానం లోపలికి వచ్చే షాఫ్ట్ బేరింగు మీద. ఏ గేరులో ఉన్నా, చివరికి న్యూట్రల్‌లో దొర్లుతున్నా బండి వేగాన్ని బట్టే మారుతుంటే చివరి డిఫరెన్షియల్ గేర్లనో, చక్రాల బేరింగులనో చూడాలి. ఏ సందర్భంలోనైనా మొదట చూడవలసింది గేర్ ఆయిల్ మట్టం. పళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాదు, జారుతాయి కూడా. ఆ జారుడులో ఉక్కును ఉక్కు తాకకుండా ఆపేది ఆ పలుచని నూనె పొర ఒక్కటే. సీలు కారి నూనె తగ్గితే పన్ను పైన కార్బన్ ఎక్కించి గట్టిపరచిన పొర గుంటలు పడుతుంది. ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడల్లా గేర్ ఆయిల్ మారిందని చాలామంది అనుకుంటారు. చాలా కార్లలో ఈ రెండూ వేర్వేరు నూనెలు, వేర్వేరు గడువులు.